బుగ్యాల్ మీద డిసర్టేషన్ చేస్తున్నారా? పూల కన్నా ముందు మంచు సంగతి చూడండి

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇదీ. ఎమ్మెస్సీ ప్రాజెక్టు కోసం ఉత్తరాఖండ్‌లో తుంగనాథ్ గుడి ఉన్న కొండ మీది ఆల్పైన్ పచ్చికబయళ్లను, అంటే అక్కడివాళ్లు బుగ్యాల్ అనే వాటిని ఎంచుకున్నారు. ఆగస్టులో రెండు వారాల టైం దొరుకుతుంది. ఎత్తు పెరిగేకొద్దీ మొక్కల జాతులు ఎలా తగ్గుతాయో చూపించమని మీ గైడ్ అన్నారు. ఎన్ని క్వాడ్రాట్లు (మొక్కలు లెక్కపెట్టడానికి నేల మీద గీసే చదరాలు) వేయాలి, జాతుల వైవిధ్యాన్ని ఒక్క అంకెలో చెప్పే షానన్ సూచీ ఒక్కటి చాలా, గొర్రెల మేత వల్ల నష్టమా లాభమా అన్నవి మీ సందేహాలు.

తుంగనాథ్ ఉన్న ఈ గఢ్వాల్ ప్రాంతపు బుగ్యాళ్లలో చాలా ఏళ్లుగా మొక్కల లెక్కలు తీస్తున్న అనుభవంతో చెప్తున్నాను, కుదిరితే ఎత్తును పక్కన పెట్టండి. ఒకే ఎత్తులో మంచు ఎక్కడ ముందు కరుగుతుంది, ఎక్కడ ఆలస్యంగా కరుగుతుంది అన్నదాన్ని పట్టుకోండి. పని తక్కువ, జవాబు గట్టిది. ఎందుకో కాస్త వివరంగా చెప్తాను.

నడక మొదలయ్యే చోప్తా దాదాపు 2,700 మీటర్ల ఎత్తులో ఉంది. తుంగనాథ్ గుడి 3,680 మీటర్ల దగ్గర, దాని పైనున్న చంద్రశిల శిఖరం సుమారు 4,000 మీటర్ల దగ్గర. అడవి అయిపోయి పచ్చిక మొదలయ్యేది ఇంచుమించు 3,300 దగ్గర. అంటే మీకు దొరికే అసలు ఆల్పైన్ మండలం మహా అయితే ఏడు వందల మీటర్లు. కిలోమీటరు ఎత్తుకి ఆరున్నర డిగ్రీల చొప్పున చల్లబడుతుందని వేసుకున్నా కింది చివరికీ పై చివరికీ గాలి ఉష్ణోగ్రతలో తేడా దాదాపు నాలుగున్నర డిగ్రీలే. ఎండ పడే దక్షిణపు వాలుకీ, దాని వెనక నీడలో ఉన్న ఉత్తరపు గుంటకీ మధ్య నేల ఉష్ణోగ్రతలో అంతకంటే పెద్ద తేడా ఒక్క మధ్యాహ్నంలోనే కనిపిస్తుంది. నడిస్తే రెండు నిమిషాల దూరం. పైగా మీరు కింది నుంచి పైకి గీసే గీత మీద ఎత్తు ఒక్కటే మారదు. వాలు, దిక్కు, మట్టి లోతు, యాత్రికుల తొక్కిడి, గొర్రెల మందలు ఆగే చోట్లు అన్నీ కలిసి మారతాయి. చివర్లో జాతులు తగ్గాయని తేలినా, దేని వల్ల తగ్గాయో ఎగ్జామినర్ అడిగితే మీ దగ్గర జవాబుండదు.

ఆల్పైన్ అంటే ఫలానా ఎత్తు అని లెక్క లేదు. చెట్టు నిలబడలేని చోటి నుంచి పైదంతా ఆల్పైనే. ఆగ్నేయ టిబెట్‌లో జూనిపర్ చెట్లు 4,900 మీటర్ల దాకా ఉన్నాయి. ఆల్ప్స్ పర్వతాల్లో అందులో సగం ఎత్తు కూడా రాకముందే చెట్లు ఆగిపోతాయి. ప్రపంచంలో ఇన్ని పర్వతాల మీద ఇన్ని రకాల ఎత్తుల్లో ఆగే ఈ గీతను కలిపే సూత్రం ఒకటి ఉంది. మొక్క పెరిగే కాలంలో సగటు ఉష్ణోగ్రత సుమారు 6.4 డిగ్రీలు, ఆ కాలం నిడివి కనీసం 94 రోజులు. ఇంతకన్నా తక్కువైతే చెట్టు రాదు. స్విట్జర్లాండ్ శాస్త్రవేత్త క్రిస్టియన్ కోర్నర్, ఆయన సహచరుడు కలిసి వేసిన లెక్క ఇది. చెట్టు ఆకులకు ఆహారం తయారు చేసుకోవడం చేతకాక కాదు. ఆ చలిలో చక్కెర తయారవుతుంది గానీ, దాంతో కొత్త కణజాలం కట్టుకోవడం ఆగిపోతుంది.

మరి చెట్టుకి కుదరనిది పక్కనే ఉన్న గడ్డికి ఎలా కుదిరింది? చెట్టు పొడుగ్గా గాలిలో నిలబడుతుంది కాబట్టి గాలి ఎంత చల్లగా ఉంటే అదీ అంత చల్లగా ఉంటుంది. నేలకి కరుచుకుని ఉన్న మొక్కకి ఆ బాధ లేదు. ఎండ కాసినప్పుడు నేల వేడెక్కుతుంది, గాలి వేగం నేల దగ్గర తగ్గిపోతుంది, గుబురుగా అల్లుకున్న ఆకుల మధ్య ఆ వేడి నిలుస్తుంది. గాలి పది డిగ్రీలున్నప్పుడు అరచెయ్యి ఎత్తు లేని గుబురు లోపల ఇరవై దాటడం మామూలే. బుగ్యాల్లో మొక్కలన్నీ పొట్టిగా ఉండటానికి ముఖ్య కారణం ఇదే. అందుకే వాతావరణ కేంద్రం రెండు మీటర్ల ఎత్తులో కొలిచే గాలి ఉష్ణోగ్రతను తెచ్చి మీ మొక్కలకు అంటగట్టకండి. ఆ మొక్కలు బతికే వాతావరణం వేరు. దాన్ని నేలలోనే కొలవాలి.

ఇక మంచు. బయటివాళ్లకి మంచు అంటే చలి. మొక్కకి మాత్రం అది దుప్పటి. అర మీటరు మెత్తటి మంచు కింద నేల ఉష్ణోగ్రత చలికాలమంతా సున్నాకి అటూ ఇటూగా కదలకుండా ఉంటుంది. పైన గాలి మైనస్ పదిహేను ఉన్నా సరే. గాలి మంచుని ఊడ్చుకుపోయే గట్ల మీద ఆ రక్షణ లేదు. అక్కడి నేల గడ్డకడుతుంది, కరుగుతుంది, మళ్లీ గడ్డకడుతుంది. మట్టి నీరు సూదుల్లా గడ్డకట్టి పైమట్టిని ఎత్తేస్తుంది, లేత వేర్లు తెగిపోతాయి. కానీ వసంతంలో ఆ గట్లే ముందు బయటపడతాయి కాబట్టి అక్కడి మొక్కకి పెరిగే కాలం ఎక్కువ దొరుకుతుంది. గుంటల్లో సంగతి తలకిందులు. చలికాలమంతా వెచ్చగా భద్రంగా ఉంటుంది, కానీ మంచు జూన్ దాకా కరగదు, ఆ తర్వాత బతకడానికి మిగిలేది మూడు నెలలు. ఈ రెంటి మధ్య మొక్క ఏ బేరం కుదుర్చుకుంటుందో దాన్నిబట్టే ఏ జాతి ఎక్కడ నిలబడుతుందో తేలుతుంది. ఎండిన గట్ల మీద, నిటారు వాలుల మీద కోబ్రేసియా, డాంథోనియా లాంటి బిరుసు గడ్డి జాతులు ఎక్కువ. తడి గుంటల్లో ట్రాకిడియం, ప్రిములా, కాల్తా, రనంకులస్ లాంటి పూలమొక్కలు. మీరు చదివిన పాఠ్యపుస్తకాల్లో ఇది ఒక పేరాలో అయిపోతుంది, అక్కడ నిలబడి చూస్తే బుగ్యాల్ పటమంతా ఇదే.

దీన్లో ఒక చిక్కు ముడి ఉంది, మీ చర్చ భాగంలో పనికొస్తుంది. వాతావరణం వేడెక్కి మంచు తక్కువ పడితే చలికాలంలో నేల మరింత చల్లబడొచ్చు. కప్పి ఉంచేది లేదు కదా. అలాగే మంచు ముందే కరిగితే మొక్కకి మంచిదేనని అనుకోనక్కర్లేదు. అమెరికాలో కొలరాడో రాకీ పర్వతాల్లోని గోథిక్ దగ్గర పరిశోధన కేంద్రంలో 1973 నుంచీ పూల లెక్కలు రాస్తున్నారు. మంచు త్వరగా కరిగిన సంవత్సరాల్లో మొగ్గలు ముందే వచ్చి, ఆ తర్వాత పడే గడ్డకట్టే చలికి మాడిపోవడం అక్కడ పదేపదే రికార్డయింది. ఆ మాడే మొగ్గలు వేసవంతా తేనెటీగలకీ తుమ్మెదలకీ దొరకాల్సిన తేనె.

అయితే కొలరాడోని గానీ ఆల్ప్స్‌ని గానీ తెచ్చి గఢ్వాల్‌కి అతికిస్తే కుదరదు. మనకి ఎదుగుదల కాలం నడిబొడ్డున వర్షాకాలం కూర్చుంటుంది. బుగ్యాల్‌కి నీళ్లు రెండు విడతలుగా వస్తాయి. మొదటిది ఏప్రిల్ చివర నుంచి జూన్ దాకా మంచు కరిగిన నీరు, రెండోది జూన్ చివర నుంచి సెప్టెంబరు మధ్య దాకా వాన. మొదటి విడతను నమ్ముకున్న ప్రిములా డెంటిక్యులేటా, కాల్తా, అనిమోన్ లాంటివి మీరు వెళ్లే సరికి పూలు అయిపోయి కాయల మీద ఉంటాయి, కొన్నిటికి ఆకులు కూడా పసుపెక్కుతాయి. ఆగస్టులో మీకు కనిపించే ఎర్రటి పొటెంటిల్లా, నీలి గసగసాల పువ్వు మెకొనాప్సిస్, ఇంకా పైన రాళ్ల మధ్య బ్రహ్మకమలం, ఇవన్నీ వాన బ్యాచ్. జెంటియన్లు, స్వెర్షియాలు చాలావరకు మీరు దిగి వచ్చేశాక పూస్తాయి. ఒక్క ఆగస్టు లెక్కతో ఇక్కడున్న జాతులివి అని పట్టిక వేస్తే మొదటి బ్యాచ్‌కి అన్యాయం జరుగుతుంది. డిసర్టేషన్‌లో ఈ పరిమితి స్పష్టంగా రాయండి. వీలైతే మే చివర్లో మూడు రోజులకైనా వెళ్లి అవే ప్లాట్లు చూసి రండి.

పైన కనిపించేది పచ్చికబయలులో చిన్న భాగమే. ఇక్కడి మొక్కల్లో ఏటా పుట్టి చచ్చేవి తక్కువే, కేనిజియా ఐలాండికా లాంటివి కొన్ని. మిగతావి దాదాపు అన్నీ ఏళ్ల తరబడి బతికే బహువార్షికాలు. వాటి ఆస్తంతా దుంపల్లో, వేళ్లలో, భూమికి సరిగ్గా కిందనున్న మొగ్గల్లో ఉంటుంది. కోబ్రేసియా పచ్చికలో వేళ్ల బరువు పైనున్న ఆకుల బరువుకి ఎన్నో రెట్లు. చలికి కుళ్లడం నెమ్మది కాబట్టి చచ్చిన వేళ్లు కూడా నల్లమట్టిగా ఏళ్ల తరబడి పేరుకుంటాయి. అందుకే ఈ మట్టిలో కార్బన్ ఎక్కువ. నత్రజని కూడా ఉంటుంది గానీ చాలాభాగం మొక్కకి అందని రూపంలో ఉంటుంది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. ఇక్కడి మొక్కలు ఈ ఏడు పూసే పువ్వుని ఈ ఏడు తయారు చేసుకోవు. బిస్టార్టా వివిపారా అనే చిన్న మొక్క మన బుగ్యాళ్లలోనూ ఉంది, ఉత్తర ధ్రువ ప్రాంతంలోనూ ఉంది. దాని ఆకు గానీ పూగుత్తి గానీ భూమిలో మొగ్గగా మొదలై పూర్తిగా విచ్చుకోవడానికి నాలుగేళ్లు పడుతుందని రాకీ పర్వతాల్లో జరిగిన పరిశోధన చూపించింది. అంటే మీరు లెక్కపెట్టే పువ్వుల సంఖ్యలో ఈ ఏటి వానకి ఎంత వాటా ఉందో, మూడేళ్ల కిందటి వేసవికి ఎంత వాటా ఉందో విడదీయలేరు. ‘ఈ సంవత్సరం వాన ఎక్కువ, అందుకే పూలు ఎక్కువ’ లాంటి వాక్యాలు రాయకండి.

సరే, పని ఎలా చేయాలో చూద్దాం. 3,400 నుంచి 3,600 మీటర్ల మధ్య ఎత్తులో పెద్దగా తేడా రాకుండా ఒక పట్టీ ఎంచుకోండి. అందులో వేర్వేరు వాలుల మీద గట్టు, మధ్య వాలు, గుంట అనే మూడు కలిసి ఉండే జాగాలు వీలైనన్ని వెతకండి. ఆరు దొరికితే చాలు, ఎనిమిది దొరికితే ఇంకా మంచిది. ఒక్కో జాగాలో మూడు స్థానాలు, ఒక్కో స్థానంలో ఒక మీటరు చదరపు క్వాడ్రాట్లు నాలుగు. అంతకంటే ఎక్కువ వేసి అలిసిపోవద్దు. ఇక్కడ కీలకం క్వాడ్రాట్ల సంఖ్య కాదు, జాగాల సంఖ్య. ఒకే గుంటలో యాభై క్వాడ్రాట్లు వేసినా అది ఒక్క గుంట గురించిన సమాచారమే. వాటిని యాభై వేర్వేరు శాంపిళ్లుగా స్టాటిస్టిక్స్‌లో పెడితే పి విలువ (తేడా యాదృచ్ఛికంగా వచ్చిందేమో చెప్పే అంకె) అందంగా వస్తుంది, కానీ అది నిజం కాదు. నేను చదివిన డిసర్టేషన్లలో ఎక్కువ వాటికి తగిలే జబ్బు ఇదే.

మంచు కరిగే తేదీ ఎలా తెలుస్తుంది అంటారా. ఉత్తమమైన దారి నేలలో పాతే చిన్న ఉష్ణోగ్రత లాగర్లు. ఐబటన్ లాంటివి చొక్కా గుండీ అంత ఉంటాయి. వాటర్‌ప్రూఫ్ చుట్టి పది సెంటీమీటర్ల లోతులో పాతితే సరి. పైన మంచు ఉన్నంతకాలం గ్రాఫు సున్నా దగ్గర చదునైన గీతలా పోతుంది. మంచు పోయిన రోజు నుంచీ పగలు పైకి, రాత్రి కిందకి ఊగడం మొదలవుతుంది. తేదీ అంత కచ్చితంగా దొరుకుతుంది. మీకు ఏడాది వ్యవధి లేదు కాబట్టి ఉపగ్రహ చిత్రాల మీద ఆధారపడాలి. సెంటినెల్-2 చిత్రాలు ఉచితం, ప్రతి ఐదు రోజులకి ఒకటి, ఒక్కో పిక్సెల్ పది మీటర్లు. జులై, ఆగస్టుల్లో మేఘాలే తప్ప ఏమీ కనిపించదు గానీ మీకు కావాల్సిన ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల దాకా మంచి చిత్రాలు దొరుకుతాయి. గత ఐదారేళ్లవి తీసి, ఒక్కో చోట మంచు ఏ చిత్రానికి మాయమైందో రాసుకోండి. తేదీ ఏటా మారుతుంది, కానీ ఏది ముందు ఏది వెనక అన్న వరస చాలావరకు మారదు. మీకు కావాల్సింది ఆ వరసే. ఒక్క జాగ్రత్త, ఐదు మీటర్ల గుంటని పది మీటర్ల పిక్సెల్ చూడలేదు. కనీసం ముప్ఫై మీటర్ల వెడల్పున్న గుంటలే ఎంచుకోండి.

గఢ్వాల్ విశ్వవిద్యాలయానికి చెందిన హై ఆల్టిట్యూడ్ ప్లాంట్ ఫిజియాలజీ రిసెర్చ్ సెంటర్‌కి తుంగనాథ్‌లో క్షేత్రకేంద్రం ఉంది. మీ గైడ్ ద్వారా ముందుగా వాళ్లకి ఉత్తరం రాయించండి. ఆ కొండల్లో ఏళ్లుగా పనిచేసిన వాళ్లతో గంట మాట్లాడితే మీ పథకం సగం మారిపోతుంది.

మొక్కల్ని తలలు లెక్కపెట్టే పద్ధతి ఇక్కడ పెట్టుకోకండి. మన దగ్గర డిసర్టేషన్లలో ఐవీఐ (ఇంపార్టెన్స్ వాల్యూ ఇండెక్స్) అని సాంద్రత, తరచుదనం, ఆధిక్యత కలిపి వేసే లెక్క ఆనవాయితీగా వస్తోంది. చెట్లకి అది బాగానే ఉంటుంది. చాపలా అల్లుకున్న కోబ్రేసియాలో ఒక మొక్క ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో దేవుడికి కూడా తెలియదు. దాని బదులు ఏ జాతి ఎంత శాతం నేలని కప్పిందో అంచనా వేయండి. ఇద్దరు విడివిడిగా అంచనా వేసి పోల్చుకుంటే ఇంకా మంచిది. వంద చోట్ల సన్నటి పుల్ల దించి, దానికి ఏ జాతి తగిలిందో రాసే పద్ధతి మరింత నమ్మకమైనది, కాకపోతే వానలో వంగి చేయాలి, నడుం పోతుంది.

షానన్ సూచీ వేయొద్దని అనను. ఒక లైన్లో వేసి ముందుకు పోండి. ఆ అంకె పెరిగితే బుగ్యాల్ బాగున్నట్టూ, తగ్గితే చెడినట్టూ అని మాత్రం తీర్మానించకండి. కాలిబాట పక్కన తొక్కిడికి పచ్చిక చిరిగిన చోట కింది నుంచి వచ్చిన కలుపు జాతులు చేరి సూచీ పెరగడం నేను చాలాచోట్ల చూశాను. యూరప్‌లో 302 పర్వత శిఖరాల పాత, కొత్త లెక్కలు పోల్చి 2018లో వచ్చిన అధ్యయనం కూడా ఇలాంటిదే చెప్తుంది. శిఖరాల మీద జాతుల సంఖ్య పెరుగుతోంది, ఇటీవలి దశాబ్దాల్లో మరీ వేగంగా. కింది మొక్కలు పైకి ఎక్కుతున్నాయి కాబట్టి. పైనున్న చలి జాతులు వెంటనే పోవు, ఎందుకంటే అవి దీర్ఘకాలం బతికేవి. కొన్నేళ్లు రెండూ కలిసి ఉంటాయి, సంఖ్య బ్రహ్మాండంగా కనిపిస్తుంది. కాబట్టి ఎన్ని జాతులు అనే ప్రశ్న కంటే ఏ జాతులు అనే ప్రశ్నకే ఎక్కువ పేజీలు ఇవ్వండి. గట్టుకీ గుంటకీ మధ్య ఎన్ని జాతులు ఉమ్మడిగా ఉన్నాయి, వాటి ఆకులు ఎంత మందం, ఎత్తు ఎంత, పూత ఏ దశలో ఉంది అని చూడండి. అసలు కథ అక్కడుంది.

ఈ పనిని ప్రపంచవ్యాప్తంగా ఒకే పద్ధతిలో చేసే గ్లోరియా అనే పరిశీలన వ్యవస్థ 2001 నుంచి నడుస్తోంది. ఒక ప్రాంతంలో ఎత్తు తేడాలున్న నాలుగు శిఖరాలు, ఒక్కోదాని నాలుగు దిక్కులా మీటరు చదరపు క్వాడ్రాట్లు మొత్తం పదహారు, పది సెంటీమీటర్ల లోతులో లాగర్లు, కొన్నేళ్లకోసారి తిరిగి లెక్క. మీరు శిఖరాల మీద పని చేయకపోయినా వాళ్ల మాన్యువల్ చదవండి. ప్లాట్‌ని మళ్లీ కనుక్కునేలా ఎలా గుర్తుపెట్టాలో, ఏ కోణంలో ఫొటో తీయాలో అంత విడమరిచి చెప్పింది ఇంకోటి లేదు. రాళ్ల మీద పెయింట్ మాత్రం వేయకండి.

మేత గురించి అడిగారు. దీనికి అవును, కాదు అని చెప్పేవాళ్లని నమ్మకండి.

పూలలోయ సంగతి చూడండి. చమోలీ జిల్లా భ్యూందార్ లోయలో ఉన్న ఆ చోటు 1982లో జాతీయ పార్కు అయింది, ఆ తర్వాత గొర్రెల మేత ఆగిపోయింది. తర్వాతి సంవత్సరాల్లో పాలిగోనం పాలిస్టాకియం అనే ఏపుగా పెరిగే మొక్క లోయలో విస్తరించింది. మనిషెత్తు పెరిగి కింద ఉన్న చిన్న పూలమొక్కలకి వెలుతురు లేకుండా చేస్తుంది. మేత ఆపడం వల్లే ఇలా జరిగిందని ఒక వాదన. మేత ఉన్న రోజుల్లోనే మందలు ఆగి ఎరువు పేరుకున్న చోట్ల, కొండచరియలు విరిగిపడి నేల తెరుచుకున్న చోట్ల అది పాతుకుపోయిందని ఇంకో వాదన. అటవీ శాఖ ఏటా మనుషుల్ని పెట్టి దాన్ని పీకిస్తోంది. రెండు వాదనల్లోనూ నిజం ఉందని నా అభిప్రాయం. మేత మొక్కకి పగ్గం వేస్తుంది, మంద ఆగిన చోటు అదే మొక్కకి విందు పెడుతుంది. రెండూ ఒకే గొర్రె చేసే పనులు.

టిబెట్ పీఠభూమి ఈశాన్యాన హైబే పరిశోధన కేంద్రంలో చేసిన ప్రయోగం ఈ విషయంలో నాకు ఇష్టమైనది. 2004లో ప్రచురించారు. పచ్చికని చిన్న పారదర్శక గదులతో కొద్దిగా వేడెక్కిస్తే జాతులు వేగంగా తగ్గిపోయాయి. మేతలాగా గడ్డిని కత్తిరించిన ప్లాట్లలో ఆ నష్టం తక్కువగా ఉంది. అంటే మేత ఒక్కటే విలన్ అనే మాట అక్కడ నిలబడలేదు. అలాగని గఢ్వాల్లో ప్రతి వాలుకీ అదే వర్తిస్తుందని కాదు. టిబెట్ పచ్చిక యాక్‌ల మేతతో వేల ఏళ్లు సావాసం చేసింది, అక్కడ వానా తక్కువే.

రెండు వారాల్లో మేత ప్రభావం తేల్చలేరు. కంచె వేసి ఏళ్లు ఆగాలి. కానీ ఒకటి చేయొచ్చు. కాపర్లు మందలు నిలిపే చోట్లని అక్కడ ఖరక్ అంటారు. పాడుబడిన ఖరక్ మధ్య నుంచి బయటికి ఐదు, పదిహేను, ముప్ఫై, అరవై మీటర్ల దగ్గర క్వాడ్రాట్లు వేయండి. మధ్యలో రూమెక్స్ నేపాలెన్సిస్ అనే కలుపు మొక్క మొలతోతు పెరిగి ఉంటుంది, బయటికి వచ్చేకొద్దీ పలచబడి మామూలు పచ్చిక కనిపిస్తుంది. ఎరువు ప్రభావం ఎంత దూరం పాకిందో ఒక్క రోజులో తేలుతుంది. అక్కడికి కాపర్లు వస్తే కూర్చుని మాట్లాడండి. ఏ గుంటలో మంచు చివరిదాకా ఉంటుందో, ఏ ఏడు గడ్డి ఆలస్యమైందో వాళ్లకి తెలిసినంత ఏ ఉపగ్రహానికీ తెలియదు.

మనుషుల తొక్కిడి వేరే లెక్క. 2018 ఆగస్టులో ఉత్తరాఖండ్ హైకోర్టు బుగ్యాళ్లలో రాత్రి మకాం నిషేధించి, సందర్శకుల్ని రోజుకి రెండు వందలకి పరిమితం చేసింది. బేద్నీ, ఆలీ బుగ్యాళ్ల కేసు అది. పచ్చిక చాప ఒకసారి చిరిగితే దాని కింద మట్టి వానకి ఎలా జారిపోతుందో చూసినవాళ్లకి ఆ తీర్పు అతిగా అనిపించదు. అంచు దగ్గర పచ్చిక కింద మట్టి కొట్టుకుపోయి, పైచాప చూరులా వేలాడుతుంది, తర్వాత ముక్కలుగా తెగి పడుతుంది. ఒకసారి మట్టి పోయాక విత్తనం పడినా మొలిచే ఆధారం ఉండదు. మీకూ ఇది వర్తిస్తుంది. మీ ప్లాట్ల చుట్టూ రోజూ ఒకే దారిలో తిరగకండి, నలుగురు వరసగా నడవకండి, వేళ్ల బరువు కోసం మట్టి తీస్తే ఐదు సెంటీమీటర్ల గొట్టం చాలు, తీసిన గుంత అప్పుడే పూడ్చేయండి. గడ్డపలుగు వద్దు.

పరాగసంపర్కం కూడా కలపాలని రాశారు. కలపకండి. పైకి వెళ్లేకొద్దీ తేనెటీగల వాటా తగ్గి ఈగల వాటా పెరుగుతుంది, వణికి ఒళ్లు వేడి చేసుకోగల బంబుల్‌బీలు చలి ఉదయాల్లో కూడా పని చేస్తాయి, ఇదంతా ఆసక్తికరమే. కానీ ఆగస్టులో సగం రోజులు వాన, పొగమంచు. వానలో కీటకాల లెక్క ఉండదు. అది ఇంకొకరి ప్రాజెక్టు.

తుంగనాథ్ కేదార్‌నాథ్ వన్యప్రాణి అభయారణ్యం పరిధిలోకి వస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం పరిశోధన కోసం లోపలికి వెళ్లడానికే రాష్ట్ర అటవీ శాఖ అనుమతి కావాలి, మొక్క నమూనా తీయడానికి విడిగా అడగాలి. దరఖాస్తులో జాతుల పేర్లు, ఎన్ని నమూనాలు, ఎక్కడ అన్నవి స్పష్టంగా రాయండి. నెలలు పట్టొచ్చు కాబట్టి ఆగస్టు పనికి ఈ చలికాలమే మొదలుపెట్టాలి. జటామాంసి, కటుకరోహిణి, అతివస కనిపిస్తే ఫొటో, కొలతలు తీసుకుని వదిలేయండి. దుంప కోసం తవ్వేవాళ్ల వల్ల ఇప్పటికే నలిగిపోయిన జాతులివి. జటామాంసి అంతరించిపోయే ముప్పు అత్యంత తీవ్రంగా ఉన్న జాబితాలో ఉంది. మీ డిసర్టేషన్లో వాటి జీపీఎస్ స్థానాలు కూడా ప్రచురించకండి.

ఆరోగ్యం సంగతి రెండు ముక్కల్లో. మొదటి రాత్రి చోప్తాలో పడుకోండి, అదే రోజు పైకి పరుగెత్తకండి. తలనొప్పి, వాంతి మొదలైతే మందు మింగి పని కొనసాగించడం కాదు, కిందకి దిగాలి. మధ్యాహ్నం దాటాక గట్ల మీద ఉండొద్దు, పిడుగులు పడతాయి. ఫీల్డ్ షీట్లు పెన్సిల్‌తో రాయండి, పెన్ను సిరా మొదటి వానకే పోతుంది. రోజూ సాయంత్రం ప్రతి షీటుకీ ఫొటో తీసి పెట్టుకోండి.

గుర్తింపు మీద మీరు అనుకున్నదానికన్నా ఎక్కువ సమయం పోతుంది. పువ్వు లేని పొటెంటిల్లా, పువ్వు లేని పెడిక్యులారిస్‌ని చూసి జాతి పేరు చెప్పడం ఎవరికైనా కష్టమే. వెళ్లే ముందు రెండు రోజులు డెహ్రాడూన్‌లో ఆగి, బొటానికల్ సర్వే ఉత్తర ప్రాంతీయ కేంద్రంలోనో, అటవీ పరిశోధన సంస్థలోనో తుంగనాథ్, చంద్రశిలల నుంచి తెచ్చి ఎండబెట్టి అట్టలకి అతికించిన మొక్కల షీట్లు చూడండి. ఆకులు, కాండం మీది నూగు, దుంప ఆకారం ఫొటోలు తీసుకోండి. క్షేత్రంలో తెలియనిదానికి బలవంతంగా పేరు పెట్టకుండా పెడిక్యులారిస్ ఒకటి, పెడిక్యులారిస్ రెండు అని రాసుకుని, అనుమతి ఉన్న మేరకు ఒక్కో నమూనా నొక్కి తెచ్చి తర్వాత పోల్చండి. ఆ నమూనాలు చివరికి హెర్బేరియంలో, అంటే ఎండు మొక్కల్ని భద్రపరిచే చోట జమచేసి, ఆ నంబర్లు డిసర్టేషన్ అనుబంధంలో వేయండి. మీ తర్వాత అదే గుంటలో లెక్క తీసేవాళ్లు మీ పెడిక్యులారిస్ రెండు ఏమిటో చూడాలంటే వాళ్లకి మిగిలే ఆధారం అదొక్కటే.